ముప్పై ఏడు పేర్లు

పుట్టినరోజు శ్రవణ్ కుమార్‌ది, చలి ఈరమ్మది. ఆ రెంటినీ కలిపి ఒక్క ఫొటోలో ఇరికించడానికి పొద్దున ఏడింటికే బస్టాండులో పదిహేను మంది పోగయ్యారు.

ఏ ఊరి బస్టాండని అడగకండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఒకటి. పేరు చెబితే తక్కిన రెండు ఊళ్లవాళ్లూ హమ్మయ్య, మనది కాదని చేతులు దులుపుకుంటారు. ఆ వెసులుబాటు ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

శ్రవణ్ కుమార్ ఆ ఊళ్లో చిన్నపాటి నాయకుడు. ఈరమ్మ డెబ్బై ఏళ్ల మనిషి, టికెట్ కౌంటరు పక్కనున్న సిమెంటు బెంచీయే ఆమెకు ఇల్లు. నాయకుడు ఆమె భుజాల మీద దుప్పటి కప్పాడు. వెనక ఫ్లెక్సీలో తన తల సగమే పడిందని దాన్ని తీసి మళ్లీ కప్పాడు. రెండోసారి ఈరమ్మ కళ్లు మూసిందట. దుప్పటి మళ్లీ తీశారు.

"జర నవ్వు అవ్వా" అన్నాడు శ్రవణ్ కుమార్ మూడోసారి కప్పుతూ.

"నవ్వితే మళ్ల గుంజుకోరు గద సారూ?" అంది ఈరమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. గుంపు వెనక నిలబడ్డ నిఖత్ మాత్రం నవ్వలేదు. ఒక ముసలిదాని చలిని ఇంత నిదానంగా, ఇంత ముస్తాబుగా వాడుకోవచ్చని ఆమె ఆ రోజే చూసింది.

నిఖత్ వనపర్తిలో బట్టలు కుట్టే బాబా కూతురు. ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఇల్లు లేనివాళ్ల కోసం మూడు ఊళ్ల మధ్యా తిరుగుతోంది. సోమవారం ఒక చోట అర్జీ, మంగళవారం ఇంకో చోట దవాఖానలో ఎవరినో చేర్పించడం, బుధవారం ఎవరిదో ఆధార్ కార్డు, ఆ కార్డుకు చిరునామా లేదంటే దానికోసం మళ్లీ అర్జీ. తిండి బస్సులోనే, కునుకూ బస్సులోనే. "ఇల్లు లేనోళ్ల కోసం తిరిగి తిరిగి నువ్వే ఇంటికి రావుడు మర్శినవ్ బేటీ" అని తల్లి తాజ్‌బీ దెప్పేది.

ఆమె తిరుగుడంతా ఒక తాళం కోసం. నిరాశ్రయుల కోసమని ఆ ఊళ్లో ఒక భవనం కట్టి రెండేళ్లయింది. రంగులు వేశారు, బోర్డు పెట్టారు, తాళం వేశారు. నిఖత్ కిటికీలోంచి తొంగిచూస్తే విరిగిన కుర్చీలు, పాత ఫ్లెక్సీ చట్రాలు, షామియానా గుడ్డలు కనబడ్డాయి. సామానుకు నీడ దొరికింది, మనుషులు బస్టాండులో ఉన్నారు. ఆ భవనం బాధ్యత చూసే అధికారి రాఘవేందర్ దగ్గరికి పోతే ఆయన అమాయకంగా ముఖం పెట్టాడు.

"మన ఊళ్ల ఇల్లు లేనోళ్లు యాడున్నరమ్మా? ఉంటే లిస్టు తే. రేపే తెరుస్త."

తెచ్చింది. పదిహేను రోజులు తిరిగి ముప్పై ఏడు పేర్లు రాసింది. ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎన్ని గంటలకు వస్తారు, ఎన్నింటికి లేస్తారు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసింది. ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పింది. "ఒకరోజు పేరు పెట్టి పిలుస్తరు. భయపడకుండ లేచి పోండి. మీకు మంచం ఉంటది."

ముప్పై ఆరు మంది ఒప్పుకున్నారు. ఈరమ్మ ఒప్పుకోలేదు. ఆమెది కోడేరు దగ్గర పల్లె. పెనిమిటితో పుణె పోయి ముప్పై ఏళ్లు కంకర మోసింది. ఆయన అక్కడే పోయాడు, ఈమె చేతులు ఊపుకుంటూ తిరిగొచ్చింది.

"ఆడ గుడిసెలల్ల గిట్లనే పేర్లు రాస్కపోయిండ్రు బిడ్డా. ఇండ్లు ఇస్తమన్నరు. మూడోనాడు జేసీబీ వచ్చింది. పేరు రాస్తే పీకుతరు. నాకు తెల్వదా?"

నిఖత్ నాలుగు సాయంత్రాలు ఆ బెంచీ మీద కూర్చుంది. నాలుగోనాడు ఆమె చెయ్యి పట్టుకుని అంది. "అవ్వా, గిది వాళ్లు రాస్తలేరు, నేను రాస్తున్న. నాది జిమ్మ, నాదే పూచీ."

ఈరమ్మ ఆమె ముఖంలోకి చూసి, ఇంటిపేరు కలిపి "కావలి ఈరమ్మ" అంది.

"శాన మంచిగ రాసినవమ్మా! టైముతో సహ రాసినవ్" అన్నాడు రాఘవేందర్ కాగితం తిరగేస్తూ. ఇన్నాళ్లలో ఒక ఆఫీసులో ఆమెకు దక్కిన మొదటి మెప్పు అది. రెండు రోజులు ఆ మాట తలుచుకుని మురిసిపోయింది పిల్ల.

భవనం తెరిచే రోజు రానే వచ్చింది. హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు. నిఖత్ పొద్దున్నే బస్సు దిగేసరికి బస్టాండంతా బ్లీచింగ్ పౌడరు వాసన కొట్టింది. ఈరమ్మ బెంచీ కడిగి ఉంది. మెట్ల కింద లేరు, బాత్రూముల వెనక లేరు, ఒక్క మనిషీ లేడు. ఊడుస్తున్న ఇస్రాయేలు ఆమెను చూసి తల దించుకున్నాడు.

"అందరు యాడికి పోయిండ్రన్నా?"

"తీస్కపోయిండ్రమ్మా. తెల్లారకముందే ట్రాక్టర్ పెట్టిండ్రు. పెద్దసారు వచ్చే తొవ్వల గిసుంటోళ్లు కనపడొద్దంట. కిష్ణ ఒడ్డున బీచుపల్లి గుడి కాడ దించి వచ్చిండ్రు." చీపురు గోడకు ఆనించాడు. "మునుపు పట్టుకపోదామని వస్తే సందులల్ల దూరి తప్పించుకుందురు. ఈసారి ఒక్కరు ఉరకలే."

"ఎందుకు?"

"కాయితం చూసి పేర్లు పిలిచిండ్రు గద. పిలిస్తే మంచం ఇస్తరని నువ్వే చెప్పినవంట. మూటలు సంకల పెట్టుకొని లైను కట్టి ఎక్కిండ్రమ్మా. ఈరమ్మవ్వ అయితే తల గూడ దువ్వుకుంది."

నిఖత్ ఆటో మాట్లాడుకుని బీచుపల్లి పోయింది. గుడి దగ్గర, పుష్కరఘాట్ మీద వెతికితే పంతొమ్మిది మంది దొరికారు. తక్కినవాళ్లు హైవే పట్టుకుని ఎటో పోయారు. ఈరమ్మ నీళ్ల దగ్గర చివరి మెట్టు మీద కూర్చుని ఉంది. దువ్విన తల ఇంకా చెదరలేదు.

"మంచిగనే పిలిచిండు బిడ్డా" అంది నిఖత్‌ను చూసి. "ఇంటిపేరుతో సహ సదివిండు. ఇన్నేండ్లల్ల నన్ను గంత మర్యాదగ ఎవరు పిలువలే. అందుకే ఎక్కిన."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నిఖత్‌కు. అప్పుడే ఫోను మోగింది. రాఘవేందర్.

"అమ్మా, నాలుగింటికి ఓపెనింగ్. మంచాలు ఖాళీగుంటే సారు ఊకోడు. అడ్డా మీది కూలోళ్లను కొందరిని పండబెడుతున్నం గని, ఒకరిద్దరు అసలోళ్లు ఉండాలె. గా ముసలామెను తే, ఫొటోల మంచిగ పడ్తది."

"వాళ్లను మీరే గద సార్ ఈడ పారేసింది?"

"పారేసుడేందమ్మా! దేవుని కాడ దించినం."

నిఖత్ పక్కకు పోయి వాంతి చేసుకుంది. ఆ మనిషి మీద అసహ్యం, ఆ ఊరి మీద అసహ్యం, అన్నింటికన్నా ఎక్కువగా తన గుండ్రటి అక్షరాల మీద అసహ్యం. వల వాళ్లదే కావచ్చు, ఓపికగా అల్లి ఇచ్చింది తనే. ఆ మెప్పుకు మురిసిపోయిన తన ముఖం గుర్తొచ్చి మళ్లీ కక్కుకుంది.

ఈరమ్మ నీళ్లు తెచ్చి ఆమె ముఖం కడిగింది. "పోదాం పా బిడ్డా. గా మంచం ఎట్లుంటదో ఒకసారి చూస్త."

దొరికినవాళ్లందరినీ నిఖత్ ఆటోల్లో ఎక్కించుకుని వచ్చింది. నాలుగింటికి భవనం కళకళలాడుతోంది. మంచాల మీద అడ్డా కూలీలు కొత్త దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. పట్టపగలు పడుకోవడం అలవాటు లేక ఇబ్బందిగా కదులుతున్నారు. వేదిక మీద శ్రవణ్ కుమార్ కూడా ఉన్నాడు. రాఘవేందర్ మైకులో చదివాడు, నిఖత్ రాసిన కాగితంలోంచే.

"మొదటి లబ్ధిదారు, ఈరమ్మ!"

ఈరమ్మ ముందు వరసలోనే నిలబడి ఉంది. పలకలేదు.

"కావలి ఈరమ్మ!"

పలకలేదు. పెద్ద అధికారి చేతిలో దుప్పటితో అటూ ఇటూ చూశాడు. రాఘవేందర్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి పళ్లు కొరికాడు. "నువ్వే గదనే! పలుకు!"

"గా పేరు గల్లామె పొద్దుగాలనే పలికింది సారూ" అంది ఈరమ్మ అందరికీ వినబడేలా. "పలికి మీ ట్రాక్టరు ఎక్కింది. ఇంక పలుకది."

దగ్గరి మంచం మీది కూలీ లేచి, దుప్పటి మడిచి, తల వంచుకుని గోడ వారకు నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకడు లేచాడు. ఒక్కొక్కరే అందరూ లేచారు. ఈరమ్మ ఖాళీ అయిన మొదటి మంచం దగ్గరికి నడిచి, పరుపును చేత్తో ఒత్తి చూసి, ఎవరినీ అడగకుండా కూర్చుంది.

నిఖత్ వేదిక ఎక్కి రాఘవేందర్ చేతిలోంచి కాగితం లాక్కుంది. మైకు తన వైపు తిప్పుకుంది.

"గీ పేర్లు నేను రాసిన. మంచం కోసమని రాసిన. సార్లు గివే పేర్లు చదివి మనుషులను చెత్త లెక్క ఎత్తిపోసిండ్రు. ఈ అవ్వ గాక పద్దెనిమిది మంది బయట ఆటోలల్ల ఉన్నరు, మంచాలు వాళ్లకియ్యాలె. ఇంకో పద్దెనిమిది మంది ఇప్పటిదాంక దొరకలే. తప్పు సార్లది ఎంతనో నాది గంతనే. వాళ్లు దొరికేదాంక నేను వెతుకుత, సార్లు గూడ రావాలె. మీకందరికి ఒక్కటే చెప్తున్న. దిక్కులేని మనిషి పేరు రాసుకున్నమంటే ఆ మనిషి జిమ్మ మనది. ఆ జిమ్మ మొయ్యలేనోళ్లు పేరు అడగొద్దు, దుప్పటి కప్పొద్దు, ఫొటో తియ్యొద్దు."