ధనరాజు బండి మీదుగా

సాలూరు లారీ ఓనర్ల సంఘం ఆఫీసులో గౌరి కంప్యూటరు తెర మీద మూడు పచ్చ చుక్కలు వెలుగుతున్నాయి. పైది ఘాట్‌రోడ్డు ఎక్కుతున్న నాగబాబు లారీ. కిందిది ఈ ఆఫీసు. మధ్యలోది ధనరాజు లారీ.

ఘాట్‌లో సెల్‌ఫోన్ పలకదు. గౌరి తయారుచేసిన డబ్బాకి టవరే అక్కర్లేదు. ఒక లారీలో మాట్లాడిన మాటను దగ్గర్లోని లారీ అందుకుని, ఆ పక్కదానికి అందిస్తూ సాలూరు చేరుస్తుంది. మధ్యవాడికి మాత్రం ఆ మాట వినిపించదు. ఇవాళ పనిచేస్తే సంఘం అన్ని లారీలకూ పెట్టిస్తుంది. లేదంటే గౌరి డబ్బాలన్నీ మూటగట్టుకుని విజయనగరం బస్సెక్కాల్సిందే.

నాగబాబు మాట బయలుదేరింది. మధ్య చుక్క ఎర్రబడింది.

"ఏటమ్మా, మాట ఘాట్‌లోనే తొంగున్నాదా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు జగన్నాధం.

గౌరి మైకు నొక్కింది. "ధనరాజు మావా, నాగబాబు మాట నీ బండి కాడ ఆగిపోనాది. డబ్బా గాని సెడిందా?"

"సెడలేదు. ఆడి పేరు సూసి నేనే 'వద్దు' నొక్కీసినాను. ఆడికీ నాకూ మాటల్లేవు. ఆడి మాట నా బండి మీంచి ఎల్లదు."

ఎవరి మాట మోయాలో లారీవాడి ఇష్టానికి వదిలితే మర్యాదగా ఉంటుందని డబ్బాకి ఆ 'వద్దు' మీట పెట్టింది గౌరే.

"ఆళ్లు బావాబామ్మర్దులమ్మా," అన్నాడు జగన్నాధం. "నాగబాబు కూతురి ఫంక్షన్లో ధనరాజుకి మేక కూరలో మూలగబొక్క ఎయ్యలేదు. అప్పట్నించీ ఇదే వరస."

గౌరి మళ్లీ మైకందుకుంది. "మావా, తప్పయిపోనాదని సెప్పినాడేమో. మాకు అందితేనే కదా తెలిసేది."

చుక్క వెంటనే పచ్చబడింది. నాగబాబు గొంతు ఖంగుమంది.

"సంఘమోళ్లకి సెప్పేదేటంటే, మలుపు కాడ ధనరాజుగాడి బండి ఆగున్నాది. ఎనక చక్రం నట్లు ఊడొచ్చేస్తన్నాయి. కదిపితే లోయలోకే. నాకు ఆడితో మాటల్లేవు. మీరే సెప్పండి."

గౌరి మైకు లాక్కుంది. "మావా, బండి కదపకు. ఎనక చక్రం సూడు."

జగన్నాధం కుర్చీలోంచి లేచి తెర మీదకు వంగాడు. ఎర్రబడుతుందా అని ఇద్దరూ ఆ మధ్య చుక్కనే చూస్తున్నారు.

చివరికి ధనరాజు మాట్లాడాడు. గొంతు బాగా తగ్గింది. "నట్లు బిగించీసినాను. నాగబాబుకి సెప్పండి, ఆదోరం మా ఇంట్లో మేకని కోస్తన్నాం, రమ్మని. మూలగబొక్క మాత్రం నాకే."

జగన్నాధం కూర్చున్నాడు. "అయితే ఆడి బండి గురించిన మాట ఆడి బండి మీంచే సాలూరొచ్చి, మళ్లీ ఆడికే ఎల్లినాదా?"

"అవునండి," అంది గౌరి, బస్సు టైము గుర్తు చేసుకుంటూ.

"అన్ని బళ్లకీ పెట్టీ అమ్మా. మా డ్రైవర్లలో సగం మందికి ఒకడితో ఒకడికి మాటల్లేవు. ఆ 'వద్దు' మీట మాత్రం పీకీ."