గీకేసిన నేల

తండ్రి పోయాక కొండవాలు అడవిని అక్కాతమ్ముళ్లు చెరిసగం పంచుకున్నారు. అక్క తన సగంలో చెట్లు ఉంచుకుని తేనెపెట్టెలు పెట్టుకుంది. తమ్ముడు బుల్డోజరు తెచ్చి తన సగాన్ని నున్నగా గొరిగేశాడు. మోళ్లు పెకలించి తగలబెట్టాడు. వాలు వెంట నిలువునా దున్ని మొక్కజొన్న వేశాడు.

మొదటి రెండేళ్లు పైరు మనిషెత్తు దాటింది. "నువ్వు ఆ చెట్లు పట్టుకుని వేలాడక్కా" అని కంచె అవతల నుంచి ఎగతాళి చేసేవాడు. మూడో ఏడు వాననీళ్లు ఇంకలేదు, ఎర్రగా వాగులోకి పరుగెత్తాయి. నాలుగో ఏడు ఎండకి నేల పెంకులా బిగిసింది. ఎరువు రెండింతలు చల్లినా పైరు నడుము దాటలేదు.

మట్టి పరీక్ష చేసే మనిషి తమ్ముడి ఇంటికొచ్చి, అతని చేలోని ఒక మట్టిగడ్డ నీళ్ల గ్లాసులో వేశాడు. అది చటుక్కున విడిపోయి అడుగున బురదగా మిగిలింది.

"కుళ్లిన ఆకు, వేళ్లు, పురుగులు, ఇవే మట్టిని పట్టి ఉంచేవి. వాటిని తగలేసి, దున్నేసి, వానకి వదిలేశారు. ఇక ఎంత ఎరువేసినా నిలవదండీ."

"నాకు పాఠాలు చెప్తావా?" తమ్ముడు అతని కాలరు పట్టుకుని మొహాన్ని గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలి రక్తం చేతిలోని గ్లాసులో పడింది.

ఆ వారంలోనే ఒక పొద్దున అక్కకి తన చెట్ల మధ్య ట్రాక్టరు చప్పుడు వినిపించింది. చేతిలో పారతోనే పరుగెత్తింది. తమ్ముడు చెట్ల కింది నల్లమట్టిని గీకి ట్రాలీకెత్తుతున్నాడు. తెగిన వేళ్లు తెల్లగా బయటపడ్డాయి. రెండు తేనెపెట్టెలు చక్రాల కింద నుజ్జయ్యాయి.

"ఆపరా! ఎవడి నేల గీకుతున్నావ్?"

"నాన్న నేల! మట్టిలో నాకూ వాటా ఉంది, తప్పుకో!"

ఆమె తప్పుకోలేదు. అతను దూసుకొచ్చి చెంప పగలగొట్టాడు. కింద పడితే డొక్కలో తన్నాడు. ఆమె లేచి పార తిప్పి మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. పడుతూ పడుతూ అతను ఆమె జుట్టు పట్టి లాగాడు. ఇద్దరూ ఆ మట్టిలోనే కొరుక్కుంటూ దొర్లారు.

తమ్ముడి భార్య పరుగున వచ్చి మధ్యలో దూరింది. మొగుడి మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. "చంపుకుంటారా ఏంటి!" అని అరుస్తూ విడదీసింది.

అక్కకి రెండు పక్కటెముకలు విరిగాయి. తమ్ముడి మోకాలు మళ్లీ వంగలేదు. ఆమె రాకముందే అతను తన చేలోకి తోలిన మూడు ట్రాలీల మట్టీ పట్టుకునే వేరు లేక మొదటి వానకే కొట్టుకుపోయింది.

పెదవి మానాక మరదలు అక్క దగ్గరికి వచ్చింది.

"వదినా, రాలిన ఆకులైనా ఇవ్వవా?"

"ఆకులెత్తుకుపోతే నా నేలా చస్తుంది. మొక్కలిస్తాను, వాలుకి అడ్డంగా నాటు."

"ఎన్నాళ్లకి బాగవుతుంది?"

"మనం ఉండగా కాదులే."

మరదలు నలభై మొక్కలు నాటింది. మర్నాడు మొగుడు కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చి మొదటి వరస పీకేశాడు. ఆమె ఆ కర్ర లాక్కుంది. అతను బోర్లా పడ్డాడు. గొంతు పోయేదాకా ఆమెనీ, అక్కనీ తిట్టాడు. ఆమె పీకిన మొక్కలన్నీ మళ్లీ గుంతల్లో పెట్టి మడమతో మట్టి తొక్కింది. వరస పూర్తయ్యాకే వచ్చి అతన్ని లేపింది.