మైనం ఎక్కువైన డబ్బా

మా వదిన కాచే లేపనాన్ని మా ఇంట్లో ఎవరూ ముట్టరు. కనీసం వాళ్ళ మాటల ప్రకారం ముట్టరు. "ఇది ఒంటికి రాసుకునేదా, కిర్రుమనే తలుపుకి పూసేదా?" అంటాడు అన్నయ్య. నాన్న పేపరు వెనక కిసుక్కుమంటాడు. ఇక మా అమ్మ వంటింట్లోకి వస్తూనే ముక్కు మూసుకుంటుంది.

ఆ వారం అమ్మ తీర్పు కూడా చెప్పేసింది.

"ఇది వంటిల్లమ్మాయ్, మందుల కొట్టు కాదు. ఆదివారం దాకా ఊరుకుంటాను. ఆ తర్వాత నీ గిన్నెలు నా పొయ్యి మీద కనబడ్డాయో, పెరట్లో వెతుక్కోవాల్సిందే."

సాయంత్రం వదిన నా గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "రోజంతా అందరి పనీ చేస్తాను. ఆ పొయ్యి ముందు గంటసేపే నాకోసం నేను చేసుకునేది. అదీ పోతే ఎలా?" అంది. నాకు మావాళ్ళందరి మీదా ఒళ్ళు మండిపోయింది. పైగా ఆడపడుచుని, మండితే ఊరుకునే రకం కాదు.

"అది సరే, మరి అలమరలో నీ లేపనం డబ్బాలు ఖాళీ చేస్తున్నదెవరు?" అన్నాను.

వదిన కళ్ళు తుడుచుకోవడం ఆపింది. "నువ్వు కాదా?"

"నాకు లావెండర్ వాసన పడదని నీకు తెలుసుగా!"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

మర్నాడు వదిన మామూలుగానే పని మొదలుపెట్టింది. నీళ్ళు మరుగుతున్న గిన్నెలో చిన్న గిన్నె దించి, బాదం నూనె పోసి, తేనెమైనం తురిమి వేసింది. కరిగాక ఫ్రిజ్‌లోంచి చల్లటి చెంచా తీసి, దాని మీద ఒక బొట్టు వేసి, పేరుకున్నాక వేలితో నొక్కి చూడటం ఆవిడ పద్ధతి. చూసింది. చక్కగా కుదిరింది. అయినా ఇంకో గుప్పెడు మైనం వేసింది. ఈసారి చెంచా మీది బొట్టు గోటితో గీకినా ఊడలేదు.

"పాడైపోయింది వదినా!"

"పాడు చేశాను. ముట్టనివాళ్ళకి ఆ సంగతి తెలియదుగా," అంది.

గిన్నె దించి, వేడి తగ్గాకే లావెండర్ నూనె చుక్కలు వేసింది. వేడి మీద వేస్తే వాసన ఎగిరిపోతుందట. దొంగల కోసం చేసే సరుకుక్కూడా ఎంత శ్రద్ధో! డబ్బాల్లో పోసి అలమరలో ఎప్పుడూ పెట్టే చోటే పెట్టింది.

ఆదివారం భోజనాల దగ్గర అమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏం అమ్మాయ్, ఈసారి మైనం అంత తగలేశావేం? మడమలకి రుద్దితే పలుకులు పలుకులుగా రాలుతోంది."

"అదే నేనూ చెబుదామనుకుంటున్నా. నా మోచేతులు..." అని అన్నయ్య నాలిక కరుచుకున్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నాన్న చెయ్యి తిన్నగా బట్టతల మీదికి పోయింది. అక్కడ తెల్లటి మైనం ముక్క ఒకటి ఇంకా అతుక్కునే ఉంది.

నవ్వాపుకోలేక నాకు పొలమారింది. వదిన ఏమీ ఎరగనట్టు నీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది.

"అయ్యో, ఎవరూ ముట్టరు కదా అని అంత పట్టించుకోలేదత్తయ్యా," అంది.

అమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంటుందనుకున్నాను. ఇన్నేళ్ళయినా మా అమ్మ నాకు అర్థం కాలేదు. "నా పొయ్యి మీద తయారయ్యేది ఎలా ఏడిచిందో నేను చూసుకోవద్దా?" అని గదమాయించి, చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. వెంటనే గిన్నెల చప్పుడు. వదిన మొహం పాలిపోయింది. గిన్నెలు పెరట్లోకి పోతున్నాయేమోనని నాకూ భయమేసింది. ఇద్దరం లేచి పరిగెత్తాం.

అమ్మ తన కూరగిన్నె దించేసి, పొయ్యి మీద వదిన గిన్నెలో నీళ్ళు పెట్టింది. పక్కన ఆ డబ్బాలన్నీ మూతలు తీసి ఉన్నాయి.

"నిలబడి చూస్తావేం? కరిగించి నూనె కలుపు. నా మడమలు రేపటిదాకా ఆగవు."

వదిన మెల్లగా అడిగింది. "మరి ఆదివారం దాకానే అన్నారు కదత్తయ్యా?"

"ఏ ఆదివారమో చెప్పానా?" అంది అమ్మ.