లేకపోతే రాసే పిల్ల

"వాన వస్తే ఎలాగే?" అంటాను.

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. మా అమ్మాయి ఇందుజ మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉంది. తలెత్తదు. క్యాలెండరు పక్కన గోడలో ఒక తలుపు వస్తుంది. టేకు తలుపు, గడియతో సహా. కింద సందులోంచి నీళ్ళు కారుతుంటాయి. పాత లుంగీ తెచ్చి అడ్డం పెడతాను. ఆ తలుపు వెనక వాన కురుస్తోంది, మేం డాబా మీద ఆరేసిన బట్టలు అక్కడ తడుస్తున్నాయి.

పిల్ల పుట్టినప్పటి నుంచీ నా నోటి వెంట ఇవే మాటలు. బస్సు తప్పితే, జ్వరం ముదిరితే, కాలు జారితే. ఇన్నాళ్ళూ అవి గాలిలో కలిసిపోయేవి. పిల్ల పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టాక గోడలో దిగబడుతున్నాయి.

పైథాన్ అంటే కంప్యూటరుకి పని చెప్పే భాష. నేను ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు ఆ మాత్రం అర్థమవుతుంది. ఇందుజ రోజూ చిన్న చిన్న లెక్కలు చేస్తుంది. ఇచ్చిన అంకె సరో బేసో చెప్పించడం, మూడింటిలో పెద్దది ఏరించడం, మాటను తిరగేయించడం. కంప్యూటరుకి దానంతట అది ఊహించుకోవడం రాదట, ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అని రెండు దారులూ రాసివ్వాలట. ఊహించుకోవడం రాకుండా ఎలా బతుకుతోందో నాకు తెలియదు.

మూడింటిలో పెద్దది ఏరించిన రోజు, వంటగదిలోని మూడు గిన్నెల్లో పెద్దది ముందుకొచ్చి సిగ్గుపడుతూ నిలబడుతుంది. మాటను తిరగేయించిన రోజు, కింద వీధిలో ఆకుకూరల బండి వెనక్కి నడుస్తుంది. బండతను "రగూంగో!" అని కేకేస్తాడు. అందరూ కొనుక్కుంటారు. నేనూ ఒక కట్ట కొంటాను. పులుపు బాగానే ఉంది.

తలుపులకి గోడ చాలక మా ఇల్లు పొడుగవుతోంది. వంటగదికి వెళ్ళేటప్పుడు దారిలో ఒకసారి కూర్చుని అలుపు తీర్చుకుంటున్నాను.

ఇంటావిడ మంగతాయారుగారు మెట్లెక్కి వస్తుంది.

"ఏవమ్మా సత్యవేణీ, గోడకి మేకు కూడా కొట్టద్దని చేరేటప్పుడే చెప్పానా?"

"మేకులు కొట్టలేదండీ. తలుపులే."

"అదే అంటున్నాను! ఎవర్నడిగి పెట్టారు?"

"మేం పెట్టలేదండీ, నేను మాట్లాడుతుంటే వచ్చాయి."

"మాట్లాడ్డం మానుకోవమ్మా మరి. రేపు ఇల్లు కూలితే ఎవరిది పూచీ?"

ఆమె కాళ్ళ దగ్గర, మెట్టు పక్కన, పిల్లి దూరేంత తలుపు వస్తుంది. లోపల ఇటుకలు రాలుతున్న చప్పుడు. మంగతాయారుగారు దాన్ని చూస్తుంది, నన్ను చూస్తుంది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మునివేళ్ళ మీద దిగిపోతుంది.

ఇందుజ ల్యాప్‌టాప్ పక్కన పెడుతుంది.

"అమ్మా, నువ్వు ఒక్క దారి చెప్పి ఊరుకుంటున్నావు. గోడ మాత్రం ఏం చేస్తుంది పాపం? నువ్వు చెప్పిన దారే తెరుస్తోంది. రెండో దారి కూడా రాయాలి."

"ఎక్కడ రాయాలే?"

"లోపల."

సుద్దముక్క తీసుకుని వాన తలుపు తోసుకుని వెళుతుంది. గడప ఇవతల నిలబడి చూస్తాను. తడిగోడ మీద ఒక వరస రాస్తుంది. దాని కింది వరసను కొంచెం లోపలికి జరిపి రాస్తుంది. అలా జరిపిన వరస పై వరసకి పిల్లట. ఆ ఖాళీ వదలడం మరిచారా, ఎవరి పిల్ల ఎవరో తెలియదట. నేను ఇంత కాలం ఇంత వివరంగా ఎవరికీ ఏదీ చెప్పలేదు.

మడతపెట్టిన పొడి బట్టలు చేత్తో పట్టుకుని బయటికి వస్తుంది. వెనకాల తలుపు సున్నం గోడలో కలిసిపోతుంది.

బస్సు తలుపులోకి వెళ్ళి టిక్కెట్టు చించుకుని వస్తుంది. జ్వరం తలుపులోంచి రావడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది.

"ఏం చేసిందే నిన్ను?"

"ఏం చెయ్యలేదు. కూర్చోమంది. మంచిదేనమ్మా, దానితో ఎవరూ సరిగ్గా మాట్లాడరట."

ఒక్కోసారి తప్పు రాస్తుంది. అప్పుడు కంప్యూటరు తప్పు పట్టే ఎర్ర అక్షరాలు మోచేతుల దాకా అంటుకుని వస్తాయి. పంపు కింద కడుక్కుని, ఆ అక్షరాలు ఏం చెబుతున్నాయో ఓపిగ్గా చదువుకుని, మళ్ళీ వెళుతుంది. విసుక్కోదు. నేను ఉప్పు ఒకసారి ఎక్కువ వేసి పదేళ్ళు తలుచుకునే మనిషిని. ఈ పిల్ల తప్పును తుడిచి, పక్కన కూర్చోబెట్టుకుని, నవ్వుతుంది. ఈ గుండె దీనికి ఎక్కడిది? కళ్ళు నిండుతాయి. ఆ నిండిన కళ్ళతోనే, మెచ్చుకోబోయి, అనేస్తాను.

"ఇలాంటి బంగారు తల్లివి, నీకేమైనా అయితే నేనేం కావాలే?"

మిగిలిన గోడ అంతా ఒకే తలుపు అవుతుంది. గడియ లేదు. సందు లేదు. చప్పుడు లేదు. దాని వెనక 'ఏమైనా' ఉంది. దాని పేరే అది. ఆ పేరు పెట్టింది నేనే.

ఇందుజ దాన్ని పైనుంచి కిందికి చూస్తుంది.

"ఇది పెద్ద లెక్కే."

"వద్దే. దీన్ని ఇలాగే ఉండనీ."

"వంటగది దాని అవతలుందమ్మా. అన్నం ఎలా తింటాం?"

సుద్దముక్క నా చేతిలో పెట్టి, ఉత్త చేతులతో వెళుతుంది. తలుపు మూసుకుంటుంది.

రాదు.

వాకిట్లో ఎండ గోడెక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతుంది. తలుపు మీద అరచేతులతో కొడతాను. చేతులకి ఏమీ తగలదు, చప్పుడు మాత్రం నా వీపులో వినిపిస్తుంది. రెండో దారి ఇక నేనే రాయాలి. అది రాయకుండా పిల్ల రాదు.

"లేకపోతే," అంటాను.

వెంటనే పక్కన ఇంకో తలుపు వస్తుంది. మన తెలుగులో రెండో దారికి కూడా చివర, తలుపులు తెచ్చే ఆ 'తే' ఉంది. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలుస్తుంది.

"అలా కాకపోతే," అంటాను. మరో తలుపు.

"కాని పక్షంలో," అంటాను. అది కోర్టు కాగితాల మాట. తలుపు రాదు, బంట్రోతు వచ్చి ఎవరి పేరో మూడుసార్లు పిలిచి వెళ్ళిపోతాడు.

నా దగ్గర ఉన్న మాటలన్నీ వెతుకుతాను. అడుగున ఒక చిన్నది దొరుకుతుంది. దాన్ని సుద్దతో పెద్ద తలుపు మీద, కొంచెం లోపలికి జరిపి, వంకర అక్షరాలతో రాస్తాను. చదువుతాను.

"లేదా."

ఏ తలుపూ రాదు. మాట అక్కడే నిలబడుతుంది. మన భాషలో అది రెండో దారి, ప్రశ్న కూడా. అడిగేశాను కనుక ఇక ఆగాలి. ఆ తరవాత ఏమవుతుందో ఊహించబోతాను. ఊహ రాదు. కంప్యూటరు ఇలాగే బతుకుతోంది కాబోలు. చాలా తేలిగ్గా ఉంది, చాలా భయంగా ఉంది.

నిశ్శబ్దం పెరుగుతుంది. మంచం ఎత్తు అవుతుంది, తరవాత నా భుజాల ఎత్తు. కింద మంగతాయారుగారు చెంబు కింద పెట్టబోయి ఆగిపోతుంది. తీగ మీది కాకి నోరు తెరిచి అలాగే ఉంచుతుంది.

తలుపు లోపలికి తెరుచుకుంటుంది.

చీకట్లో ఇందుజ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో మా వీధంత తల ఒకటి ఆనుకుని ఉంది. మిగతా ఒళ్ళు వెనక్కి కనుచూపు మేర సాగిపోయింది. దానికి ఇంకా ముఖం రాలేదు. జుట్టు తడిగా ఉంది. ఇందుజ వేళ్ళతో చిక్కు తీస్తోంది. ఆమె పాయ తీసిన చోటల్లా ఒక ఊరు తెల్లవారుతోంది, ఆ ఊళ్ళో ఎవరో అరుగు మీద నిలబడి పళ్ళు తోముకుంటున్నారు.

ఇందుజ పెదవి మీద వేలు పెట్టుకుంటుంది.

"ఉన్నానమ్మా," అంటుంది. "మెల్లగా రా. 'ఏమైనా' ఇప్పుడే నిద్రపోయింది."