పళ్లెం పెట్టిన చప్పుడు

"ఆ గిన్నెల మోత కాస్త ఆపుతావా? డైలాగ్ వినపడట్లేదు" అన్నాడు భర్త హాల్లోంచి. ఆమె తోముతున్న గిన్నెను సింకులో మెల్లగా ఆనించి, కుళాయిని సన్నగా తిప్పుకుంది. టీవీలో కథానాయిక మొగుడి ముందు పళ్లెం పెట్టింది. ఠక్కుమంది. "చూశావా అమ్మా, ఎంత కోపముందో ఆ పిల్లకి! ఒక్క మాటైనా అనకుండా ఎలా చూపించిందో!" అని తల్లితో అన్నాడు భర్త. ఆ ఠక్కు ఈమెదే. కిందటేడు ఓ మధ్యాహ్నం, ఈ వంటింట్లోంచే సంచీలో పెట్టుకుని తీసుకెళ్లిన పళ్లెంతో స్టూడియోలో ఈమె చేతులు చేసిన చప్పుడు. ఆ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, ఇంకా తోమాల్సినవి ఉన్నాయి. ఇంకో గిన్నె అందుకుంది.

సినిమా తీసేటప్పుడు నటుల మాటలు సరిగ్గా దొరికితే చాలనుకుంటారు. నడక, బట్టల రాపిడి, తలుపు గడియ, గ్లాసు కింద పెట్టడం, ఇవన్నీ తర్వాత ఒక గదిలో తెర చూస్తూ ఎవరో ఒకరు చేసి అతికిస్తారు. ఆ ఎవరో ఒకరు ఇరవై ఏళ్లుగా ఈమె. పెళ్లయిన కొత్తలో అత్తగారు "మా కోడలు సినిమా కంపెనీలో గిన్నెలు మోగిస్తుంది" అని చెబితే, చుట్టాలు క్యాంటీన్‌లో అంట్లు తోముతుంది కాబోలనుకుని జాలిపడ్డారు. ఆడపడుచైతే "వదినా, హీరోయిన్ ఎంగిలి ప్లేట్లు కూడా నీకేనా?" అని అడిగింది. "ఎంగిలి వాళ్లదే. చప్పుడొక్కటే నాది" అంది ఈమె. అందరూ పడీ పడీ నవ్వారు. ఈమె కూడా నవ్వింది, కొత్త కోడలు కాబట్టి కాస్త తక్కువగా.

కంపెనీ చిన్నదేం కాదు. సినిమాలు తీసేది, వాటిని ఆడించే హాళ్లుండేవి, టీవీ ఛానళ్లుండేవి. జనం హాళ్లు మానేసి ఫోన్లలో చూడటం మొదలుపెట్టాక, మనం మాత్రం వెనకబడటమేంటని అప్పు తెచ్చి సొంత యాప్ పెట్టారు. యాప్ నింపడానికి సిరీస్ మీద సిరీస్ తీశారు. ఆ రోజుల్లో ఈమెకు ఊపిరాడని పని. చూసేవాళ్లు మాత్రం ఒక నెల డబ్బు కట్టి, ఉన్నవన్నీ చూసేసి, పై నెల కట్టడం మానేసేవారు. ఛానళ్లు చూసేవాళ్లు కూడా యాప్‌కే వచ్చేశారని ప్రకటనలిచ్చేవాళ్లు మెల్లగా జారుకున్నారు. కొత్తది నిలబడలేదు, పాతది ఒరిగిపోయింది, మధ్యలో వడ్డీ పెరిగింది. కంపెనీ పెద్దాయన ఏటా అందర్నీ కూర్చోబెట్టి "మనదంతా ఒక కుటుంబం, కష్టకాలంలో అందరం సర్దుకోవాలి" అనేవాడు. కుటుంబం అన్న మాట చెవిన పడగానే ఈమెకు తెలిసిపోయేది, సర్దుకునేది ఎవరో. మొదట సాయంత్రం టీ పోయింది. తర్వాత విరిగిన కుర్చీల బదులు కొత్తవి రావడం ఆగింది. తర్వాత కుర్చీల్లో కూర్చునేవాళ్లు పోయారు.

నిరుడైతే ఒక సినిమాను మొత్తం పూర్తి చేశాక పెట్టెలో పెట్టేశారు. విడుదల చేసి సంపాదించేదాని కన్నా, నష్టం కింద రాసేస్తే పన్నులో మిగిలేదే ఎక్కువట. అందులో ఒక ముసలామె ఇల్లంతా తిరుగుతూ పని చేస్తుంటుంది. ఆవిడ నడక కోసం ఈమె రోజుల తరబడి పాదం ఈడుస్తూ నడిచింది. అదే నడక ఇంట్లోనూ వచ్చేస్తే, అత్తగారు "నన్ను వెక్కిరిస్తున్నావా?" అని మూతి ముడుచుకున్నారు. చేసిన పనిని చేయనట్టు చూపిస్తే లాభం వస్తుందన్న లెక్క ఆఫీసులో చాలామందికి తలకెక్కలేదు. ఈమెకు వెంటనే అర్థమైంది.

ఆ లెక్కలు చూసే మేడమ్ ఒకరోజు ఈమెను పిలిచి కూర్చోమంది. నెమ్మదస్తురాలు, కళ్ల కింద నలుపు, ఆవిడకూ నిద్ర ఉన్నట్టు లేదు. "మీ గది ఈ నెలాఖరుకి మూసేస్తున్నాం. నా చేతిలో ఏమీ లేదండీ. ఒక దారుంది. మీ చప్పుళ్లన్నీ ఒకసారి రికార్డు చేసి దాచుకుంటాం. ఏ సిరీస్‌కి కావాలన్నా అందులోంచి తీసి వాడుకుంటాం. దానికి ఒకేసారి డబ్బిస్తాం. మీరు వద్దన్నా గది మాత్రం ఆగదు. శుక్రవారంలోగా చెప్పండి."

ఇంటికొచ్చి చెప్పింది. భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే "గిన్నెల చప్పుడుకి డబ్బులిస్తామంటే ఇంకా ఆలోచనేంటి? ఇంట్లో ఊరికే చేస్తున్నదేగా!" అన్నాడు.

"తర్వాత నాకు పనుండదు."

"పనికేం కరువు? ఇంట్లో బోలెడుంది."

అతను వెటకారంగా అనలేదు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. ఆ మాట ఆమె వెంట వంటింట్లోకి వచ్చింది, పడగ్గదిలోకి వచ్చింది, పొద్దున బస్సులో పక్క సీట్లో కూర్చుంది. ఊరికే చేస్తున్నదేగా. ఈ చప్పుళ్లు వినడానికి మనుషులు చెవులు రిక్కించే చోటు ప్రపంచంలో ఆ ఒక్క గదే. అక్కడ ఈమె గరిటె తిప్పితే ఎవరూ తలుపు వేయరు, "ఇంకొంచెం గట్టిగా" అంటారు. ఆ గదికి నెలాఖరున తాళం పడుతుంది. సంతకం పెట్టినా పడుతుంది, పెట్టకపోయినా పడుతుంది. మిగిలేది ఈ వంటిల్లు, ఇక్కడ వినిపించే "మెల్లగా" అన్న మాట.

శుక్రవారం వెళ్లి మేడమ్‌తో సరేనంది. రికార్డింగ్ మొదలైంది. యంత్రం దగ్గర కూర్చునేవాడు పాతవాడే. గుటక మింగినా పట్టేస్తాడని అతన్ని అందరూ చెవులాయన అంటారు.

"పళ్లెం పెట్టండక్కా."

"ఎవరి ముందు?"

"మొగుడి ముందే అనుకోండి."

"తలెత్తి చూశాడా, ఫోన్ చూసుకుంటున్నాడా?"

చెవులాయన నవ్వాడు. "మామూలుగా పెట్టేయండి. ఏ మొగుడికైనా సరిపోయేలా."

ఆమె పెట్టింది. మూతలు తీసింది, మూతలు పెట్టింది. మెట్లెక్కింది, దిగింది, పరుగెత్తింది. దుప్పటి దులిపింది. తలుపు చాటున ఊపిరి బిగబట్టింది. గిన్నె నేలకేసి కొట్టింది. అది మాత్రం మళ్లీ ఒకసారి చేస్తానని తనే అడిగింది. అంతా అయ్యాక "ఇంకేమైనా మిగిలిందా అక్కా?" అని అడిగాడు. ఆమె ఆలోచించింది. కూలబడటం చేసింది, ఏడుస్తూ మంచమ్మీద పడటం చేసింది, ఎవరో పిలిస్తే దిగ్గున లేవడం లెక్కలేనన్నిసార్లు చేసింది. పనేమీ లేకుండా ఒక ఆడమనిషి హాయిగా కూర్చునే చప్పుడు మాత్రం ఏ కథా ఈమెను అడగలేదు. "ఏం మిగల్లేదు" అంది.

మేడమ్ ఒప్పందం చదివి వినిపించింది. "ఈ చప్పుళ్లు ఇకమీదట కంపెనీవి. మీరు ఇంకెవరికీ ఇవ్వకూడదు. డబ్బు తీసుకునైనా సరే, ఊరికేనైనా సరే."

"ఊరికే కూడానా?"

"ఊరికే అసలే కుదరదండీ" అంది మేడమ్. కంపెనీ ఎంత గట్టిగా రాయించుకుందో చెప్పానన్న తృప్తి ఆవిడ ముఖంలో కనిపించింది.

ఆమె కలం అందుకుని సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, హాల్లో సోఫాలో కూర్చుంది. సోఫా మెత్తగా, నిదానంగా నిట్టూర్చింది. కొత్త చప్పుడు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లోనే ఉన్న సోఫా. ఈ చివర భర్త, అటు కుర్చీలో అత్తగారు, టీవీలో ఏదో సిరీస్. కొంతసేపటికి భర్త వంటింటి వైపు చెవి పెట్టాడు. టీవీ గొంతు తగ్గించాడు.

"ఇదేంటి, వంటింట్లో చప్పుడు లేదేం?"

"అమ్మేశాను."

"ఏంటీ?"

"కంపెనీకి. ఇక ఇంకెవరికీ ఇవ్వకూడదట. ఊరికే కూడా కుదరదట. సంతకం పెట్టి వచ్చాను."

అతను నవ్వి, తోడు నవ్వమన్నట్టు తల్లి వైపు చూశాడు. అత్తగారు నవ్వలేదు. కోడలినే చూస్తూ "ఎంతకిచ్చావే?" అని అడిగారు. ఆమె చెప్పింది. అత్తగారు కాసేపు వేళ్లు చూసుకున్నారు. "నావి ఎవరూ అడగనే లేదు" అన్నారు.

ఎవరూ లేచేలా లేరని తెలియడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. లేచి వంటింట్లోకి వెళ్లాడు. "మూతలెక్కడుంటాయి?" అని అరిచాడు. అల్మారా తలుపు కొట్టుకుంది. ఏదో జారిపడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

అత్తగారు రిమోట్ అందుకుని టీవీ గొంతు పెంచారు. తెర మీంచి చూపు తిప్పకుండా అన్నారు:

"ఆ మోత కాస్త ఆపరా! డైలాగ్ వినపడట్లేదు."