ఎడమకాలి పేరు

మా ఇంట్లో ఎక్కువ పేరున్నది మా ఆయనకి కాదు, ఆయన ఎడమకాలికి. ఆయన ఒక రెస్టారెంట్లో జాజ్ ఆర్గన్ వాయిస్తారు. గేటు దగ్గర బోర్డు మీద ఆయన మొహం ఉండదు. మెరిసే నల్లబూటు తొడుక్కున్న ఎడమకాలి ఫోటో ఉంటుంది. ఫోటోలు తీసిన రోజున మొహానికీ తీశారట గానీ, కాలే బాగా వచ్చిందని మేనేజరు గారు తేల్చారు. రెండింటినీ రోజూ చూసేదాన్ని కాబట్టి ఆ తీర్పుతో నాకు పేచీ లేదు.

ఆర్గన్ అంటే హార్మోనియం లాంటిదేగా అని మా అత్తగారి తరఫు వాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. పిల్లి కూడా పులిలాంటిదే. పైన రెండు వరుసల మెట్లు, కాళ్ళ కింద ఒక వరుస కర్ర పెడళ్ళు, పక్కన నిలువెత్తు స్పీకరు పెట్టె. రెస్టారెంటులో ఉన్నది వాళ్ళది. సాధనకని కొన్న పాతది మా హాలులో సగం ఆక్రమించింది. మిగతా సగంలో మేం కాపురం చేస్తున్నాం. జాజ్ అంటే ఏమిటని కూడా అడుగుతారు. ఒక పాట మొదలుపెట్టి, తలా ఒక దారిన పోయి, తప్పిపోయారేమోనని వినేవాళ్ళు బెంగపడే వేళకి అందరూ ఒకే గుమ్మం దగ్గర కలుసుకోవడం అని నేను చెబుతాను. మా ఆయన ఆ నిర్వచనాన్ని ఒప్పుకోలేదు. అలాగని వేరేది చెప్పనూ లేదు.

మామూలుగా ఇలాంటి బ్యాండ్‌లో కింది స్వరాలు మోయడానికి బేస్ వాయించే మనిషి ఒకడు ఉంటాడు. ఆర్గన్ ఉన్నచోట అతనితో పనిలేదు. ఆర్గన్ వాయించేవాడే కాలితో ఆ పనీ కానిచ్చేస్తాడని ప్రతీతి. మేనేజర్లకు ఆర్గన్ మీద అంత ప్రేమ అందుకే. ఇద్దరి పని, ఒకరి భోజనం. ఆ భోజనం కూడా జనం తినగా మిగిలినవి చూసుకుని, వంటగది వెనక, గిన్నెలు తోమేచోట పెడతారు. మా ఆయనా, డ్రమ్స్ వాయించే ఉరుమూ (అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు) ఇద్దరే మొత్తం బ్యాండు. ఆదివారం మధ్యాహ్నం ఎడమవైపు టేబుళ్ళు ముందే నిండిపోతాయి. కాలు కనిపించేది అక్కడినుంచే.

ఇంతకీ మా తమ్ముడు బేస్ వాయిస్తాడు.

దేవుడు కొన్ని కుటుంబాలను తీరిగ్గా కూర్చుని కలుపుతాడు. వాడిది నిలబెట్టి వాయించే బేస్ ఫిడేలు, మనిషికంటే ఎత్తు. దాన్ని తీసుకుని ఆటో ఎక్కితే వాడికి చోటుండదు, వాడు ఎక్కితే దానికి ఉండదు.

"అక్కా, నా పొట్ట కొట్టింది పరాయివాళ్ళు కాదే, బావ ఎడమకాలు," అనేవాడు భోజనాల దగ్గర. "చేత్తో కొడితే ఎవరికైనా చెప్పుకోవచ్చు. కాలితో కొట్టారని ఎలా చెప్పుకోను?"

"ఆ కాలికే ఓ దణ్ణం పెట్టుకో బావమరిదీ, పని దొరుకుతుంది," అనేవారు మా ఆయన, పెరుగు కలుపుకుంటూ.

నవ్వుకునేవాళ్ళు. కానీ వాడికి ఆ ఏడు పెళ్ళి రిసెప్షన్లు కూడా తగ్గాయి. రిసెప్షన్లకి ఇప్పుడు ఒక కుర్రాడు, ఒక లాప్‌టాప్ చాలు. చివరికి ఒకరోజు వాడు ఫిడేలు అమ్మేసి టైల్స్ షాపులో చేరతానని ప్రకటించాడు.

"టైల్సే నయం అక్కా. కొన్నవాడు వేయించుకుని పోతాడు. మధ్యలో వచ్చి హ్యాపీ బర్త్‌డే వెయ్యమనడు."

వాడు జోకు వేశాడు గానీ వాడి వేళ్ళు టేబులు అంచు మీద ఏదో వాయిస్తూనే ఉన్నాయి. ఆ వేళ్ళు టైల్స్ షాపులో ఏం చేస్తాయో నాకు అర్థం కాలేదు.

ఆ వారంలోనే మా ఆయన బీరువాను తన్నారు. మొండికేసిన తలుపు, ఎడమకాలు. బీరువా గెలిచింది. పాదానికి పిండికట్టు పడింది.

మేనేజరు గారు ఫోన్లో చాలాసేపు బాధపడ్డారు. "ఏ చెయ్యో విరిగినా సర్దుకునేవాళ్ళం మాస్టారూ. ఏకంగా కాలే విరగ్గొట్టుకున్నారు," అన్నారు. తర్వాత, కట్టు ఉన్నన్నాళ్ళు బేస్ మనిషినెవరినైనా చూడమన్నారు. మా ఆయన నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను.

అలా తమ్ముడు చేరాడు. టైల్స్ షాపాయన కొన్నాళ్ళు ఆగుతానన్నాడు.

ఒకరోజు పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. హాల్లో సాధన నడుస్తోంది. కాసేపటికి నాకు ఏదో తేడాగా అనిపించింది. తేడా ఏమిటంటే, ఏ తేడా లేదు. గరిటె పట్టుకుని వెళ్ళి చూశాను. పిండికట్టు కాలు పీట మీద దర్జాగా ఉంది. బేస్ మాత్రం ఎప్పటిలాగే నడిచిపోతోంది.

"ఏవండీ, కాలు లేకుండానే నడుస్తోందే."

"ఏది?"

"బేస్."

ఆయన వాయించడం ఆపలేదు. "అది ఎడమచేతిది. మొదటినుంచీ చేతిదే. కాలు ఊరికే పెడల్ మీద అలా తాకుతుంది, దెబ్బ కాస్త గట్టిగా వినపడ్డానికి. ఈ వాద్యం వాయించేవాళ్ళలో చాలామందిది ఇంతే."

"మరి ఆ బోర్డు?"

"నేను పెట్టమన్నానా?"

"తియ్యమన్నారా?"

ఫ్యాను తగ్గించమన్నారు. తగ్గించాను.

"ఈ ముక్క మేనేజరు గారికి తెలిస్తే తమ్ముడి పని పోతుంది కదా," అన్నాను.

"అందుకేగా చెప్పంది."

"తమ్ముడి కోసమా, బూటు కోసమా?"

"వంట చూసుకో, మాడుతోంది."

ఏదీ మాడటం లేదు. అయినా వెళ్ళాను. మగవాళ్ళకి ఒక్కోసారి రెండు కారణాలుంటాయి. అందులో మంచిదాన్ని ముందు పెట్టి రెండోదాన్ని దాని వెనక దాచుకుంటారు. కదిలించకపోతేనే మంచిది.

ఆ ఆదివారం నేనూ వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. తమ్ముడు పక్కన నిలబడి బేస్ అందుకున్నాడు. మా ఆయన ఎడమచేతికి ఇన్నేళ్ళలో మొదటిసారి సెలవు దొరికింది. సెలవు దొరికిన పిల్లాడు ఇంట్లో ఉంటాడా. మూడు నాలుగు స్వరాలను గుత్తిగా పట్టుకుని కుడిచేతికి సమాధానాలు చెప్పింది, అడ్డం తగిలింది, ఒకచోట ఎగతాళి కూడా చేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ గోడ అవతల వింటున్నాను, ఆయన చేతిలో ఇది ఉందని నాకు తెలియదు. ఆయనకీ తెలియదేమో. భోజనాలు అయిపోయినవాళ్ళు లేవకుండా ఇంకో కాఫీ చెప్పారు.

కట్టు విప్పే రోజు దగ్గర పడుతుండగా, ఒక మధ్యాహ్నం మేనేజరు గారు పళ్ళసంచితో పరామర్శకు వచ్చారు. నేను తలుపు తీసేసరికి ఆయన మెట్లమీదే చెవి రిక్కించి నిలబడి ఉన్నారు.

"మీ తమ్ముడు వచ్చినట్టున్నాడు. కిందిదాకా వినిపిస్తోంది బేస్."

లోపల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"ఇప్పుడే పాలకి వెళ్ళాడండీ," అన్నాను.

"మెట్లమీద నాకెవరూ ఎదురు రాలేదే."

లోపలికి రమ్మన్నాను. ఆయన హాలంతా కలయచూశారు.

"ఫిడేలేదమ్మా?"

"వెంట తీసుకెళ్ళాడు."

"పాలకా?"

"ఒక్క నిమిషం వదిలి ఉండలేడండీ. చిన్నప్పట్నుంచీ అంతే."

మేనేజరు గారు జీవితమంతా వంటవాళ్ళ అబద్ధాలు విన్న మనిషి. నా అబద్ధాన్ని పళ్ళసంచితో పాటు బల్లమీద పెట్టేసి, పీట మీది పిండికట్టును చూశారు, ఆర్గన్ మెట్ల మీది ఎడమచేతిని చూశారు.

"ఇందాకటిది ఇంకోసారి వాయించండి మాస్టారూ."

కావాలని చెడగొట్టొచ్చు. రెండు తప్పులు దొర్లిస్తే తమ్ముడి పని నిలిచేది. కానీ మా ఆయనకు ఎన్ని వచ్చినా చెడగొట్టి వాయించడం రాదు. పాట మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తడబడకుండా వాయించారు.

"అంటే చేత్తోనే వస్తుందన్నమాట," అన్నారు మేనేజరు గారు.

"వస్తుంది."

"మరి ఆ కుర్రాడు దండగ కదా."

"దండగ కాదండీ. బేస్ మోస్తున్నంతసేపూ నా ఎడమచేయి ఇంకే పనీ చెయ్యలేదు. వాడొచ్చాక అది ఏం చేస్తోందో మీరు వినలేదా?"

"నేను వినను మాస్టారూ. నేను టేబుళ్ళు చూస్తాను."

"పోనీ, టేబుళ్ళు ఏమంటున్నాయి?"

"లేవడం లేదు," అని ఒప్పుకున్నారు మేనేజరు గారు. "కానీ బోర్డు మీద ఉన్నది కాలు. పక్కన ఇంకొకడు బేస్ వాయిస్తుంటే, ఇక కాలెందుకని అడుగుతారు జనం. కట్టున్నప్పుడు సరే. విప్పాక ఏం చెప్పను?"

తరవాత ఆయనే ఉపాయం చెప్పారు. కాలు మామూలుగా పెడళ్ళ మీద ఆడాలి. పెడళ్ళ చప్పుడు కట్టేయాలి. తమ్ముడు స్టేజీ వెనక తెరచాటున నిలబడి వాయించాలి. కట్టు విప్పాక మొదటి ఆదివారం ఎడమవైపు టేబుళ్ళు సంతోషిస్తే వాడి పని ఖాయం. లేదంటే మాస్టారి చేయి ఎలాగూ ఉంది.

సాయంత్రం తమ్ముడు వస్తే చెప్పాం. వాడు ఫిడేలును గోడకు ఆనించి, చాలాసేపు దాని బిరడాలు సరిచేస్తూ ఉండిపోయాడు.

"మంచిదే," అన్నాడు చివరికి. "తెర వెనక ఫ్యాను కూడా ఉంది. చప్పట్లు బావ కాలికి, జీతం నాకు. లోకంలో చాలామంది సంసారం ఇలాగే నడుస్తోంది కదే అక్కా."

"టైల్స్ షాపాయనకేం చెప్పావు?"

"సోమవారం చెబుతానన్నాను. ఫిడేలుకి బేరం కూడా ఆయనే తెచ్చాడు, హోటల్ లాబీలో అలంకారానికి పెడతారట. వాయించరుట, తుడుస్తారట."

మా ఆయన కంచం ముందునుంచి లేచి, బూటు పాలిష్ చేసుకోవడానికి వెళ్ళారు. అరిగిపోతుందేమో అన్నంతసేపు చేశారు.

కట్టు విప్పాక వచ్చిన ఆదివారం నాకు ఎడమవైపు టేబులే ఇచ్చారు. పక్క టేబులు ఆవిడ భర్తకు చూపిస్తోంది. "ఆ కాలు చూడండి. మీ చేతులకంటే నయం." ఆయన సూప్ తాగుతూ చూశాడు. బేస్ బ్రహ్మాండంగా వినిపిస్తోంది. కాలు దానికి తగ్గట్టే ఆడుతోంది. తెర ఎక్కడా కదల్లేదు. మేనేజరు గారు టేబుళ్ళ మధ్య తృప్తిగా తిరుగుతున్నారు. వ్యవహారం కుదిరిపోయినట్టే ఉంది.

జాజ్‌లో ఒక మర్యాద ఉంది. ఒక్కొక్కరికీ ఒక వంతు వస్తుంది. అప్పుడు మిగతావాళ్ళు తగ్గి దారి ఇస్తారు. ఉరుము తన వంతు ఉరిమేశాడు. మేనేజరు గారు మైకు అందుకుని, "ఇప్పుడు మాస్టారి ఎడమకాలు, ఒంటరిగా," అని ప్రకటించారు. చప్పట్లు. మా ఆయన రెండు చేతులూ మెట్ల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కాలు మొదలుపెట్టింది, అంటే తెర వెనక తమ్ముడు మొదలుపెట్టాడు.

మొదట్లో వాడు బుద్ధిగా, కాలికి అందేటట్టే వాయించాడు. ఆ తర్వాత మరిచిపోయాడు. ఎవరి కోసం వాయిస్తున్నాడో, ఎవరి పేరు మీద వాయిస్తున్నాడో వాడి వేళ్ళకి గుర్తులేదు. పైకి పాకాయి, జారాయి, ఒక స్వరం దగ్గర నిలబడి మూలిగాయి. ఇక అమ్మేయబోయే వస్తువుతో మనిషి ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడాయి. నేను మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మా ఆయన కాలు కొంతదూరం వెంటపడింది. రెండు పెడళ్ళు వెనకబడింది. మళ్ళీ అందుకుంది. మెల్లగా ఆగింది. ఆయన దాన్ని పెడళ్ళ మీదనుంచి ఎత్తి, తీరిగ్గా కుడికాలి మీద వేసుకుని కూర్చున్నారు. డాక్టరు గారి గదిలో వంతు కోసం కూర్చున్న మనిషిలాగా.

బేస్ మాత్రం ఆగలేదు.

పక్క టేబులు ఆయన సూప్ చెంచా గాలిలో ఆగింది. ఆవిడ కాలు వైపు చూసింది, చేతుల వైపు చూసింది, నావైపు తిరిగింది. "మరి వాయిస్తున్నదెవరండీ?"

"నేనూ అదే చూస్తున్నానండీ," అన్నాను.

ఎడమవైపు కుర్చీలు జరిగాయి. కుడివైపు కొందరు లేచి నిలబడ్డారు. ఒక పెద్దాయన, "వెనక ఎవరో ఉన్నారు, తెర తియ్యండి బాబూ," అన్నాడు. మేనేజరు గారు ఒక్కసారి మా ఆయన వైపు చూశారు. మా ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. మేనేజరు గారు ఇంకోసారి టేబుళ్ళ వైపు చూశారు. అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ బిల్లు అడగడం లేదు. ఆయన నడిచి వెళ్ళి, ఇదంతా కార్యక్రమంలో భాగమే అన్నట్టు, స్వయంగా తెర తాడు లాగారు.

తమ్ముడు కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. తెరచాటున ఎవరు చూడొచ్చారని ఇంట్లో వేసుకునే నిక్కరుతోనే వచ్చాడు. కాళ్ళకి హవాయి చెప్పులు. చప్పట్లు మొదలయ్యాక కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న జనాన్నీ తన మోకాళ్ళనూ చూసుకున్నాడు. కానీ వంతు మధ్యలో ఉంది, మధ్యలో ఆపకూడదు. ఫిడేలును కొంచెం ముందుకి జరుపుకుని దాని వెనక వీలైనంత దాక్కుంటూ పూర్తిచేశాడు. ఆ చివరన మా ఆయన ఎడమచేయి గుత్తులతో అందుకుంది, అందరూ కలిసి గుమ్మం దగ్గరికి చేరారు.

చప్పట్లు తగ్గాక మేనేజరు గారు స్టేజీ ఎక్కి వాడి పక్కన నిలబడ్డారు. వాడి మోకాళ్ళను బాగా పరిశీలించారు.

"వచ్చే ఆదివారం ప్యాంటు వేసుకుని రా," అన్నారు.