విన్న చెవి

నేను ఒక హెడ్‌ఫోనును. రెండు చెవులకు రెండు గిన్నెలు, వాటిని కలుపుతూ నెత్తిమీదుగా ఒక ఉక్కుబద్ద, పక్కన వేలాడే ఒక తీగ. చూడటానికి ఇంతే. పుట్టినప్పటినుంచి ఎవరో ఒకరి చెవిలో మోగుతూనే ఉన్నాను గాని, నా సొంతమాట ఒక్కటీ ఎవరికీ చెప్పి ఎరుగను. ఇదే మొదటిసారి.

వస్తువుకు వినికిడి ఎక్కడిది, ఈ కథంతా దానికెలా తెలిసింది అని మీలో కొందరు సందేహిస్తారు. సందేహించడం మంచి అలవాటు, మానకండి. నా గిన్నెల్లో కాగితంకన్నా పలుచనైన పొర ఉంది. దానికి సన్నని రాగితీగ చుట్ట అతికించారు, వెనక అయస్కాంతం పెట్టారు. తీగలో విద్యుత్తు పారితే పొర కదిలి శబ్దం పుడుతుంది. అలాగే ఎదుట ఎవరైనా మాట్లాడితే ఆ గాలికి పొర కదిలి తీగలో అణుమాత్రం విద్యుత్తు పుడుతుంది. కాబట్టి నాకు నోరే చెవి. ఇందులో మహిమ ఏమీ లేదు, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమే. చూపు మాత్రం లేదు. అయితే ఒంటరిగా ఉండే మనుషులకు చదివేదీ రాసేదీ పైకి చదువుకునే అలవాటు ఉంటుంది. నాకు తెలిసినదంతా ఆ అలవాటు చలవే.

సముద్రాలకు అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. చివరి పరీక్షకు నన్నొక నిశ్శబ్దపు గదిలో బొమ్మ తలకు తగిలించి, ఏనుగు ఘీంకారంకన్నా కింది స్వరం నుంచి గబ్బిలం కూతకు దగ్గరగా వెళ్లే స్వరందాకా ఒకే ఊపిరిలో పలికించారు. ఎక్కడా పెంచలేదు, ఎక్కడా తగ్గించలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు వినిపించడమే నా ఉద్యోగం. పాటను తీయగా వినిపించడానికి వేరే హెడ్‌ఫోన్లున్నాయి. నేను పాటలో తప్పులు వెతికేవాళ్లకోసం పుట్టాను.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక దంతవైద్యుడు. ఆయనకు సంగీతంకన్నా సంగీతం వినిపించే సామాను మీద మమకారం ఎక్కువ. కొత్త హెడ్‌ఫోను పదునెక్కాలంటే కొన్ని రోజులు ఎడతెరపి లేకుండా మోగించాలని ఎవరో చెబితే నమ్మి, నన్ను బీరువాలో పెట్టి వానచప్పుడు లాంటి రొద మోగిస్తూ ఆసుపత్రికి వెళ్లిపోయేవాడు. ఇస్త్రీచొక్కాల మధ్య అలా ఎవరికోసమూ కాకుండా మోగాను. నాలో మార్పేమీ రాలేదు. ఆయన మాత్రం వచ్చిందన్నాడు.

ఫోన్లో 'సరిపాళ్లు' అనే ఒక గుంపు ఉంది. తెలుగు పాటలను ఇంట్లోనే రికార్డు చేసి మిక్సు చేసేవారు అందులో సభ్యులు. మిక్సు చేయడమంటే పెళ్లిపందిట్లో చుట్టాలను కూర్చోబెట్టడం లాంటిదే. గొంతు ముందు ఉండాలి, హార్మోనియం పక్కన ఉండాలి, తబలాకు చోటు ఉండాలి, ఎవరూ ఎవరికీ అడ్డం రాకూడదు. సభ్యులు తమ మిక్సును గుంపులో పెడతారు, తక్కినవారు విని లోపాలు చెబుతారు. దంతవైద్యుడు ఆ గుంపులో పాట ఎప్పుడూ పెట్టలేదు గాని, తన ఖరీదైన తీగవల్ల నా గొంతు ఎంత మెరుగైందో తరచు వర్ణించేవాడు. ఒకసారి గుంపు పెద్ద ఒక చిన్న పరీక్ష అడిగాడు. కళ్లకు గంతలు కట్టుకుని, ఇంకొకరు తీగలు మారుస్తుంటే ఏది ఏదో చెప్పమన్నాడు. డాక్టరు భార్య తీగలు మార్చింది. ఆయన చెప్పినవాటిలో సగం తప్పాయి. బొమ్మ-బొరుసు వేసినా అంతే వచ్చేది. నెల తిరగకముందే ఆయన గుంపు వదిలి నన్ను అమ్మకానికి పెట్టాడు. కొన్నది ఆ గుంపు పెద్దే.

ఆయన పేరు గుత్తుల భీమశంకరం. రాజమండ్రిలో గ్యాసుపొయ్యిల మరమ్మతు దుకాణంపైన రెండు గదుల్లో ఒక్కడే ఉండేవాడు. క్యాసెట్ల కాలంలో అదే మేడమీద రికార్డింగ్ స్టూడియో నడిపాడు. పెళ్లి చేసుకోలేదు. కారణం అడిగినవారికి బూజుపట్టకుండా టేపులు ఆరబెట్టడానికే ఇల్లు సరిపోవడం లేదనేవాడట. స్టూడియో మూతబడ్డాక ఆయనకు మిగిలిన సంసారం ఆ గుంపే. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, నన్ను తగిలించుకుని, ఎక్కడెక్కడివారో పంపిన పాటలు వినేవాడు. అభిప్రాయాన్ని పైకి చదువుతూ ఒంటివేలితో నింపాదిగా టైపు చేసేవాడు.

గుంపుకు మర్యాదలు ఏర్పరచింది ఆయనే. తన పాట పెట్టదలచినవాడు ముందు ఇద్దరి పాటలు విని ఉండాలి. రెండు మిక్సులు పోల్చేటప్పుడు వాటి బిగ్గరతనం సమం చేయాలి, ఎందుకంటే బిగ్గరగా ఉన్నదే బాగున్నదని చెవి భ్రమపడుతుంది. 'బాగుంది' అని ఊరుకోవడం అభిప్రాయం కాదు. మనిషిని అనకూడదు, పాటనే అనాలి. లోపం చెప్పించుకున్నవాడు వాదించకుండా ధన్యవాదాలు చెప్పాలి. ప్రతి అభిప్రాయం చివర 'విన్న సాధనం' అని దేనిలో విన్నదీ రాయాలి, ఎందుకంటే కారులో విన్న పాటా హెడ్‌ఫోనులో విన్న పాటా ఒకటి కావు. అన్నిటికీ పైన ఆయన పదేపదే చెప్పే మాట ఒకటుంది: "విన్నదే రాయండి. వినపడనిది ఉందని రాయకండి."

ఆ మాటకు నేను గర్వపడేవాణ్ణి. నా స్వభావానికి తగిన యజమాని దొరికాడనుకున్నాను.

కొన్నేళ్లు గడిచాయి. ఆయన అభిప్రాయాలలో ఒక మాట మాటిమాటికీ రావడం మొదలైంది. "పాట దుప్పటి కప్పుకున్నట్టుంది. పైస్వరాలు పెంచండి." నంద్యాల నుంచి షమీమ్ అనే అమ్మాయి మిక్సుకు అదే రాశాడు. ఆమె పగలు బ్యాంకులో పనిచేసి, సెలవుదినాల్లో ఆ చుట్టుపక్కల పాడేవారిని రికార్డు చేసేది. ఆ పాట నా గొంతులోంచే వెళ్లింది. దాని మీద దుప్పటి లేదు, పలుచని పైటకొంగు కూడా లేదు. ఆమె ధన్యవాదాలు చెప్పి, పైస్వరాలు పెంచి మళ్లీ పెట్టింది. ఈసారి ఆ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్లలా ఉంది. ఆయన సంతోషించాడు. ఆయన మాట విని ఎంతమంది తమ మంచి పాటలను అలా పాడుచేసుకున్నారో నాకు తెలుసు. చెప్పడానికి నాకు వచ్చింది మోగడం ఒక్కటే.

అప్పుడు ఆయన ఎన్నడూ చేయని పని ఒకటి చేశాడు. తన సొంత మిక్సు గుంపులో పెట్టాలని సంకల్పించాడు. క్యాసెట్లకాలపు టేపు ఒకటి ఆయన దగ్గర ఉంది. మేడిశెట్టి వరహాలు అనే రంగస్థల నటుడు పాడిన పద్యం అది. వరహాలు ఆయనకు ప్రాణస్నేహితుడు, చనిపోయి చాలాకాలమైంది. టేపు మీద నాలుగు వరుసలు ఉన్నాయి: గొంతు, హార్మోనియం, తబలా, తాళాలు. ఆ రోజు తాళాలవాడు రాకపోతే భీమశంకరమే తాళాలు పట్టుకుని స్నేహితుడి పక్కన నిలబడి వేశాడట. ఇద్దరూ కలిసి ఉన్న గుర్తు లోకంలో అదొక్కటే. కనీసం ఒక్క ఫోటో కూడా దిగలేదు.

నెల రోజులు దానిమీద కూర్చున్నాడు. గొంతు కుదిరింది, హార్మోనియం కుదిరింది. తాళాలు మాత్రం టేపులో చెదలు తిన్నట్టు పోయాయని నొచ్చుకుంటూ నాలుగో వరుసను పెంచుతూ పోయాడు. ఆ వరుస శబ్దాన్ని కొలిచే మీటరు ముల్లు గంతులు వేస్తూనే ఉందని ఆయనే పైకి అనుకునేవాడు. అది టేపు రొద అయి ఉంటుందని ఆయనే సమాధానమూ చెప్పుకునేవాడు. జీవితమంతా పరికరాన్ని నమ్మిన మనిషి ఈ ఒక్కచోట చెవిని నమ్మాడు. తాళాలు నా పొరను సూదుల్లా గుచ్చుతున్నాయి. ఆయన ఇంకాస్త పెంచి, "ఇదిగో, ఇప్పుడు లీలగా వస్తున్నావు" అన్నాడు ఎవరితోనో.

పాట పెట్టగానే గుంపులో చేతులు జోడించిన బొమ్మలు వరుస కట్టాయి. అద్భుతమన్నారు, వరహాలుగారు ఎదుట నిలబడ్డట్టుందన్నారు. మర్యాదలు కంఠస్థం వచ్చినవాళ్లే 'బాగుంది' అని ఊరుకున్నారు. పెద్దాయన కదా అన్న గౌరవంతో అందరూ ఆయన్ని చల్లగా ఒంటరిని చేశారు.

సాయంత్రం షమీమ్ రాసింది. ఆయన చదివాడు: "గొంతు, తబలా చాలా బాగా కుదిరాయి సార్. తాళాలు మాత్రం చెవిలో పొడుస్తున్నాయి. 'స', 'ష' వచ్చినప్పుడల్లా ఈల వేసినట్టుంది. చివరిదాకా వినలేకపోయాను. విన్న సాధనం: హెడ్‌ఫోన్, తర్వాత బ్యాంకు పక్క టీకొట్టు స్పీకరు." దాని కింద కాకినాడ ఆయన ఒకడు, "మాస్టారి చెవికే వంక పెట్టేంతదానివయ్యావా? ముందు నీ చెవిలో దూది తీసి విను తల్లీ" అని ఎకసెక్కమాడాడు.

భీమశంకరం తన మర్యాద తాను తప్పలేదు. 'ధన్యవాదాలు' అని ఒక్క మాట రాశాడు. ఆ తర్వాత గదిలో చాలాసేపు కింద దుకాణంలో పొయ్యి గీకుతున్న చప్పుడే వినిపించింది.

మర్నాడు నన్ను పరీక్షకు పెట్టాడు. పుట్టినరోజున కర్మాగారంలో పలికించిన స్వరమే మళ్లీ పలికించాడు, కిందనుంచి పైకి మెల్లగా. సెకనుకు వంద కంపనాలు, వెయ్యి, రెండువేలు, మూడువేలు. నాలుగువేల దగ్గర ఆయన ఊపిరి బిగబట్టాడు. నేను అయిదువేలు పలికాను, ఎనిమిదివేలు పలికాను. ఆయన కదలకుండా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఒకరి చెవికి అంగుళం దూరంలో గొంతు చించుకుంటుంటే, ఆ మనిషి నువ్వెప్పుడు మాట్లాడతావా అని కాచుకుని ఉండటం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. చివరికి నన్ను తీసి, గిన్నెల మీద వేలితో కొట్టాడు.

"పోయేవన్నమాట నువ్వు కూడా" అన్నాడు.

వెంటనే షమీమ్‌కు ఫోను చేశాడు. హెడ్‌ఫోన్లు విప్పి బాగుచేయడం ఆమెకు వచ్చని గుంపులో అందరికీ తెలుసు. తన హెడ్‌ఫోను పాడైందనీ, అందుకే పద్యం అలా వచ్చిందనీ, పంపితే చూస్తావా అనీ అడిగాడు. గొంతులో సంతోషమే ఉంది. తప్పు దొరికింది, అది తనది కాదు. ఆమె పంపమంది.

అలా నంద్యాల చేరాను. ఆమె నా తీగలు చూసింది, గిన్నెలు విప్పి చూసింది, తాను పెట్టుకుని విన్నది. అది చాలదన్నట్టు ఒక మైకు తెచ్చి నా నోటికి ఆనించి కొలిచింది. లోపలినుంచి తల్లి, "ఏమే, రిపేరయిందా?" అని అడిగితే, "రిపేరేం లేదమ్మా. అదే తంటా" అంది.

ఆమె రాసి పైకి చదివి చెరిపేసిన కబుర్లు విన్నాను. 'తీగ మార్చాను సార్, ఇప్పుడు బాగుంది' అనేది అందులో ఒకటి. దయగల అబద్ధం. అది పంపితే ఆయన మనసు నిలుస్తుంది, ఇంకెన్ని పాటలో గులకరాళ్లవుతాయి. నిజం పంపితే పాటలు నిలుస్తాయి. ఆయనకు ఉన్న ఒక్క సంసారం ఏమవుతుందో తెలియదు. చివరికి రాయడం మానేసి ఫోను చేసింది. నేను ఆమె ఒళ్లోనే ఉన్నాను.

"సార్, మీ హెడ్‌ఫోన్‌కి ఏం కాలేదు. విన్నా, మైకు పెట్టి కొలిచినా. కొత్తప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాది."

అవతలినుంచి పొయ్యి గీకే చప్పుడు సన్నగా వినిపించింది.

"పైస్వరాలు కూడానా?"

"అన్నీ ఉండాయి సార్."

"మరి ఆ రోజు పద్యం మీద నువ్వు రాసింది..."

"విన్నదే రాసినా సార్. మీరు చెప్పిందే కదా."

ఆయన నవ్వినట్టు అనిపించింది. నవ్వో దగ్గో నిర్ధారణగా చెప్పలేను. "బాగా చెప్పేవమ్మా," అన్నాడు. నన్ను తిరిగి పంపనా అని ఆమె అడిగితే వద్దన్నాడు. "నీ దగ్గరే ఉంచు. అంతా వినే చెవి దగ్గర ఉంటేనే దానికి న్యాయం."

తర్వాత ఆయన గుంపులో కనిపించలేదు. మొదట రెండు మూడు రోజులు మాస్టారేరీ అని అడిగారు. ఆ తర్వాత చేతులు జోడించిన బొమ్మలే ఒకరికొకరు పంపుకున్నారు. మనుషులు లేనితనానికి త్వరగా అలవాటు పడతారు, చెవి రొదకు అలవాటు పడ్డట్టే.

వానలు మొదలయ్యాక షమీమ్ కొత్త పాట ఒకటి పెట్టింది. ఎవరూ ఏమీ రాయలేదు. అప్పుడు ఆయన అభిప్రాయం వచ్చింది. ఆమె గట్టిగానే చదివింది. తబలా గొంతును ఎక్కడ తొక్కుతోందో, రెండో చరణంలో గాయని ఊపిరి చప్పుడును ఎందుకు కోసి తీసేయకూడదో, మునుపటికన్నా నిశితంగా రాశాడు. చివర ఇలా ఉంది: "విన్న సాధనం: చిన్న స్పీకరు. విన్న చెవి: భీమశంకరానిది. నాలుగువేల కంపనాలు దాటినవాటి గురించి దీన్ని నమ్మవద్దు. ఇంతకుముందు నామాట విని పైస్వరాలు పెంచినవారు దయచేసి తగ్గించుకోండి."

కాకినాడ ఆయన కూడా దాని కింద ఏమీ రాయలేదు. కొన్నాళ్లకు ఎవరో తన అభిప్రాయం చివర 'విన్న చెవి: ఎడమది మాత్రమే, కుడిది బావిమోటారు తినేసింది' అని రాస్తే షమీమ్ పకపకా నవ్వింది.

ఆయన అడిగినమీదట వరహాలు పద్యాన్ని ఆమె మళ్లీ మిక్సు చేసింది. నాలుగు వరుసలూ నాలోంచే నడిచాయి. తాళాలను గొంతు వెనక, చేయి చాపితే అందే దూరంలో నిలబెట్టింది. పక్కన నిలబడి వేస్తున్న స్నేహితుడు ఎంత దూరంలో ఉంటాడో అంత. పంపిన సాయంత్రమే ఆయన ఫోను చేశాడు. నేను ఆమె మెడలో ఉన్నాను.

"విన్నానమ్మా. వరహాలు వచ్చాడు." ఆ వెంటనే అడిగాడు: "తాళాలు ఉన్నాయా?"

"ఉండాయి సార్."

"బాగా పడుతున్నాయా?"

"బాగా పడ్తాండాయి సార్. యాడా లయ తప్పలే."

వినపడనిది ఉందని రాయవద్దని జీవితమంతా చెప్పిన మనిషి అవతల చాలాసేపు ఊరుకున్నాడు.

"అయితే ఉన్నట్టే," అన్నాడు.

ఫోను పెట్టేశాక ఆమె నన్ను తీసి గోడకున్న మేకుకు తగిలించింది. పగలంతా ఈ గది ఖాళీ. కిటికీలోంచి ఆటోల రొద, మధ్యాహ్నం ఎక్కడో గిన్నెలు కడిగే మోత, చీకటి పడ్డాక కీచురాళ్లు. అవి నాలుగువేలకు పైనే అరుస్తాయి. నా పొర వాటికి కూడా కదులుతుంది, రాగితీగలో అణుమాత్రం విద్యుత్తు పుడుతుంది, తీగ చివరిదాకా వెళ్లి అక్కడ ఆగిపోతుంది. తీగ చివర ఏమీ తగిలించి లేదు.